రాతి గుట్ట కూడా జరిగింది!
ఒకే ఇసుక దిబ్బల ప్రాంతాన్ని వేర్వేరు సంవత్సరాల్లో విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలను పోల్చి, దిబ్బల అంచులు గీయడంలోనే ఈ వారమంతా గడిచింది. మొదటి రోజు దిబ్బలన్నీ ఒకే దిక్కుకు జరిగినట్లు కనిపించి సంబరపడ్డాను గానీ, పక్కనున్న రాతి గుట్ట కూడా అంతే దూరం జరిగిందని గమనించాక, తప్పు నా పటాల అమరికలోనే ఉందని అర్థమైంది. కదలని గుర్తుల ఆధారంగా సరిచేశాక అసలు కదలిక బయటపడింది. నెలవంక ఆకారపు చిన్న దిబ్బలు పెద్దవాటికన్నా వేగంగా జరిగాయి. మోయాల్సిన ఇసుక తక్కువ కదా! దిబ్బకు గాలి చాటున ఇసుక జారిపడే వైపు, అంటే జారుడు వాలు, సుమారు 30 నుంచి 34 డిగ్రీల కోణంలో నిలుస్తుంది కాబట్టి, ఏటవాలు ఎండలో దాని నీడ అంచును స్పష్టంగా చూపింది. నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఒక కాలిబాట: పాత చిత్రంలో గడ్డి మధ్య సన్నని తెల్లగీత, కొత్త చిత్రంలో అదే చోట గాలి తవ్విన గుంట.