నాయినతో కోఠి రెసిడెన్సీకి

మా నాయిన నలభై ఏళ్లు తాపీమేస్త్రీగా చేశాడు. హైదరాబాదులో కోఠి రెసిడెన్సీ అనే పాత భవనాన్ని బాగు చేశారట, చూసొద్దాం పద అంటే, "సిమెంటు పూసి రంగేసి ఉంటరు, చూసేదేముంది" అని తీసిపారేశాడు. అయినా శనివారం పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కించాను.

ఎంజీబీఎస్ బస్టాండులో దిగి మెట్రో పట్టుకుంటే ఒక్క స్టేషనే. బయట కోఠి గోలంతా దాటుకుని రెసిడెన్సీ ఆవరణలో అడుగుపెట్టాం. ఎదురుగా ఆరు పెద్ద స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. నాయిన నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. ఇరవై రెండు. మధ్యలో ఒకసారి కూర్చున్నాడు కూడా.

నిజాం దగ్గర బ్రిటిష్ రెసిడెంటుగా, అంటే వాళ్ల ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 1800ల మొదట్లో కట్టించిన భవనం ఇది. 1949లో ఆడపిల్లల కాలేజీ ఇందులోకి వచ్చింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. మరమ్మతులు పూర్తయ్యేసరికి 2023 వచ్చింది. ఇదంతా నేను చెబుతుంటే నాయిన వింటేగా! గోడను వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు. ఇంకోచోట అరచేత్తో నిమిరాడు.

"డంగు సున్నమే," అన్నాడు చివరికి. గానుగలో రుబ్బిన పాతకాలం సున్నం అన్నమాట. గొంతు మారింది.

పాత ఇటుక గోడ తేమ పీలుస్తుందట, సున్నమైతే దాన్ని మళ్లీ బయటికి వదులుతుందట. సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి, ఇటుకను తినేసి, పెచ్చులు పెచ్చులుగా రాలుతుందట. ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పని మాట అప్పుడు చెప్పాడు. "మన పక్కూరి దొర గడీకి సిమెంటు పూసింది నేనే. సున్నం మాగెదాక ఆగే ఓపిక వాళ్లకూ లేదు, నాకూ లేదు. రెండు వానకాలాలకే ఊడింది."

దర్బారు హాలు పైకప్పు మీది నగిషీ కాగితం గుజ్జుతో చేసిందని చెబితే ముందు నమ్మలేదు. మెడ నొప్పి పుట్టేదాకా చూసి నవ్వాడు. "మీ నాయినమ్మ మెంతులేసి రుబ్బి గంపలకు అలికేది సూడు, గట్లనే!" వేలాడే షాండిలియర్ల వైపు కన్నెత్తయినా చూడలేదు.

తోటలో ఈ భవనానికే చిన్న నమూనా ఉంది. పరదాలో ఉండే భార్య ఖైరున్నిసా ముందరి భాగం చూసే వీల్లేదని కర్క్‌పాట్రిక్ చేయించాడని చెబుతారు. దాన్నీ బాగు చేశారు. నాయిన వంగి, దాని స్తంభాల అంచులు పట్టి పట్టి చూశాడు. "పెద్దది కట్టుడే సులువురా," అన్నాడు.

తిరుగు బస్సులో నిద్రపోయాడనుకున్నాను. చౌటుప్పల్ దాటాక కళ్లు మూసుకునే అడిగాడు: "గడీవోళ్ల కొడుకు పట్నంల ఉంటడు గదా, ఫోన్ నంబరున్నదారా నీ దగ్గర?"