పంతొమ్మిదో ఎక్కం

ఒడిశాలోని రాయగడలో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్లో 30 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఎన్ని బస్తాలైనా నోటిలెక్కే. సంత రోజు మధ్యాహ్నం భోజనం మానేసినా అంకె తప్పేది కాదు. అందుకే ఒళ్లు వేరు, మనసు వేరు అని గట్టిగా నమ్మేవాణ్ణి.

రెండేళ్ల కిందట వానాకాలంలో బాకీల వసూలుకి మునిగుడ వెళ్లి, దోమతెర లేకుండా ఓ రాత్రి అరుగు మీద పడుకున్నాను. 12 రోజులకి చలిజ్వరం. జ్వరం మాత్రలతో మూడు రోజులు నెట్టేశాను. తప్పు నాదే. మా కొండ ప్రాంతంలో జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. నాలుగో రోజు పొద్దున్న మా ఆవిణ్ణి "ఎవరమ్మా మీరు?" అని అడిగానట.

పరీక్షలో ఫాల్సిపారమ్ మలేరియా అని తేలింది. ఇందులో మలేరియా క్రిమి చేరిన ఎర్రకణాలు మెదడులోని సన్నటి రక్తనాళాల గోడలకి అతుక్కుపోతాయి. దానికి తోడు నా రక్తంలో చక్కెర బాగా పడిపోయింది. డాక్టరు ఒడియాలో పేరడిగితే తెలుగులో బస్తాల లెక్క చెప్పానట. రోజూ మాట్లాడే ఒడియా ఒక్క ముక్క రాలేదట. ఇవన్నీ మా ఆవిడ చెప్పినవే. ఆ రెండు రోజులూ నా బతుకులో లేవు.

గ్లూకోజ్ ఎక్కించారు. మలేరియా మందు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ చేరగానే ఒకటి, 12 గంటలకి ఒకటి, 24 గంటలకి ఇంకొకటి. మూడో రోజు తెలివొచ్చింది. ఎదురుగా గోడ క్యాలెండర్‌లో 19 కనబడితే అలవాటుకొద్దీ ఎక్కం ఎత్తుకున్నాను. పంతొమ్మిదొకటి పంతొమ్మిది, పంతొమ్మిది రెళ్లు ముప్ఫై ఎనిమిది, పంతొమ్మిది మూళ్లు యాభై ఏడు... అంతే. నాలుక ఆడుతోంది, అంకె రాదు. ఏడుపొచ్చేసింది.

మా ఆవిడ స్టీలు గ్లాసులో చోడి (రాగి) అంబలి పట్టుకొచ్చింది, పైన ఉల్లిపాయ ముక్కలు తేలుతున్నాయి. "ముందిది తాగండి. లెక్కలెక్కడికీ పోవు" అంది. నోరంతా చేదు. రెండు గుక్కలకే ఆయాసం.

చిన్నప్పుడు తాతయ్య చెప్పిన శ్వేతకేతు కథ అప్పుడు గుర్తొచ్చింది. ఛాందోగ్య ఉపనిషత్తులోది. తండ్రి ఉద్దాలకుడు కొడుకుని 15 రోజులు తిండి మాని నీళ్లే తాగమంటాడు. పదహారో రోజు చదివిన వేదం చెప్పమంటే ఒక్క ఋక్కూ గుర్తు రాదు. పెద్ద మంటలో మిణుగురంత నిప్పుకణమే మిగిలితే అది దేన్ని కాల్చగలదు, ముందు తినిరా అంటాడు తండ్రి. తిని వచ్చాక అన్నీ చెప్పగలుగుతాడు. మనసు అన్నమయం నాయనా, అన్నాడాయన.

పాత బట్ట విడిచినట్టు దేహం విడుస్తాడని గీత చెప్పింది ఆత్మ గురించి. నేను దాన్ని మనసుకి అంటగట్టుకున్నాను. సాంఖ్య దర్శనం వాళ్లు మనసుని ప్రకృతిలోనే, అంటే జడపదార్థంలోనే లెక్కేశారు, ఒంటితో పాటు. మెదడు ఒంటి బరువులో 2 శాతమే అయినా శక్తిలో ఐదో వంతు అదే వాడుకుంటుందని డాక్టరు చెప్పినప్పుడు నాకు తాతయ్య గొంతే వినబడింది. అయినా ఒక్క ప్రశ్న నన్ను వదల్లేదు. అంకె రావట్లేదని తెలిసి ఏడ్చిందెవరు?

నాలుగో గ్లాసు అంబలి తాగిన రోజు సాయంత్రం పంతొమ్మిది ఏడులు నూటముప్ఫై మూడు దానంతటదే నోట పలికింది. నెల తర్వాత కొట్టుకి వెళ్లాను. ఇప్పుడు సంత రోజైనా సరే, ఒంటిగంటకి క్యారేజీ విప్పుతాను.