చింతగింజల సంచీతో పులికాట్ ఒడ్డుకి

ఎమ్మే ప్రాజెక్టు కోసం సూళ్లూరుపేట వైపు పులికాట్ సరస్సు ఒడ్డున ఒక మత్స్యకార పల్లెకి వెళ్లాను. చేయాల్సింది ర్యాపిడ్ రూరల్ అప్రైజల్. పేజీలకు పేజీల సర్వే ఫారాలు లేకుండా, జనంతో కూర్చుని మాట్లాడుతూ, నేల మీద పటాలు గీయిస్తూ కొద్ది రోజుల్లో ఊరి సంగతులు తెలుసుకునే పద్ధతి. 1985లో థాయ్‌లాండ్‌లోని ఖోన్ కేన్‌లో దీని మీద అంతర్జాతీయ సదస్సు కూడా జరిగింది. చంద్రగిరి దగ్గర వేరుశనగ రైతులతో ఒకసారి చేసున్నాను కాబట్టి టెన్షన్ లేదు.

తిరుపతి నుంచి నాయుడుపేట మీదుగా బస్సులో వెళ్లి, పల్లె చేరేసరికి పదకొండు. రాత్రంతా వేటాడొచ్చిన మగవాళ్లు నిద్రలో ఉన్నారు. ఆ రోజు అలాగే పోయింది.

మర్నాడు సాయంత్రం ముగ్గుపిండితో ఊరి పటం మొదలుపెట్టించాను. రోడ్డు, రామాలయం, బడి గీశాక చేతులు ఆగిపోయాయి. వల బాగుచేసుకుంటున్న తాత లేచొచ్చి, "ఇది మేం పడుకునే చోటమ్మా. బతికేది అక్కడ" అని కర్రతో పక్కనంతా సరస్సు గీశాడు. సరస్సు సముద్రంతో కలిసే చోట ఇసుక మేట వేసిన రాయదొరువు ముఖద్వారం, లోతు తగ్గిన చోట్లు, ఎవరు ఎక్కడ వల కడతారో అన్నీ. పది నిమిషాల్లో వాదులాట మొదలైంది. నాకు కావాల్సిందీ అదే! రామాలయం ఓ మూలకి పోయింది.

ఏ నెలలో వేట ఎలా ఉంటుందో గీయించే పన్నెండు నెలల క్యాలెండర్‌దీ ఇదే కథ. "నెలతో మాకేం పని? తిథి చెప్పు" అన్నారు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, అష్టమి నవమికి తక్కువ. దాన్ని బట్టే వేట. నెలల గళ్లు చెరిపేసి పదిహేను తిథులు గీశాను. ఏ రోజు ఎంత దొరుకుతుందో చింతగింజలు పెట్టి చూపించారు.

ఆదాయం దగ్గర ఒకాయన గింజలన్నీ తన ముందు కుప్ప పోశాడు. వెనక నిలబడ్డ భార్య ఏమీ అనలేదు. వంగి, సగానికి పైగా గింజలు తీసి దూరంగా ఇంకో కుప్ప పెట్టింది. అది వ్యాపారి దగ్గర తెచ్చిన అడ్వాన్సు. అది తీరేదాకా రొయ్యలు ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే వేయాలి. నా ప్రశ్నల కాగితంలో అప్పు అన్న మాటే లేదు.

మూడు రోజులనుకున్న పని నాలుగు ట్రిప్పులైంది. తర్వాతి ట్రిప్పుకి పంచాంగంలో అష్టమి చూసుకునే బస్సెక్కాను.