తుపాకుల మీద ఎర్ర గుడ్డ

ఆదివారం. పొద్దుగాల 6 గంటలకే నా ప్లాస్టిక్ విమానం మోడల్‌కు రంగు కొట్టనీకి ఎయిర్‌బ్రష్ (గాలితోటి రంగు చిమ్మే పెన్ను) పట్టుకున్న, ఎందుకంటే పాలమూరు ఎండకాలంల కొంచెం పొద్దెక్కిందంటే చాలు, ఆక్రిలిక్ పెయింట్ సూది మొన మీదనే ఎండిపోతది, ఎండుడు ఆలస్యం చేసే రిటార్డర్ ఎంత కలిపినా అంతే. డార్క్ ఎర్త్ అనే మట్టిరంగు నిన్ననే అయింది, ఇయ్యాల దాని మీద డార్క్ గ్రీన్, కింద స్కై రంగు. మంచిగొచ్చింది.

చేస్తున్నది రెండో ప్రపంచ యుద్ధంల బ్రిటన్ వాడిన యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ మార్క్ 1, 1/72 సైజుల, అంటే అసలుదాంట్ల 72వ వంతు. అసలుదానికి రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లు, నా టేబుల్ మీద ఉన్నది 15.6 సెంటీమీటర్లు. స్పిట్‌ఫైర్ అందరు చేస్తరు, కానీ నాకు బ్రిటన్ వాయుసేనల 152 స్క్వాడ్రన్ అనే దళానిదే కావాలె, దాని పేరే 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. 1939ల మళ్ల ఏర్పడింది, నిజాం ఇచ్చిన పైసలతోటి ఆ పేరొచ్చింది, 1940 బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌ల (జర్మనీతోటి జరిగిన ఆకాశ యుద్ధం) ఇంగ్లండ్‌ల ఉన్న వార్మ్‌వెల్ నుంచి ఎగిరింది, వాళ్ల బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటది. నాయినకు చెప్తే పేపర్ పక్కన పెట్టి "నిజాం పైసలంటే ఎవ్వలియిరా, మన తాతలు కట్టిన శిస్తే గదా" అన్నడు. ఆ మాట విన్నప్పటి సంది ఈ విమానం మీద నాకు ప్రేమ ఇంకా ఎక్కువైంది, ఏ చిన్న వివరం గూడ ఉత్తగ వదలబుద్ధి అయితలేదు.

కిట్ల వచ్చిన డెకాల్స్, అంటే నీళ్లల్ల నానబెట్టి అతికించే గుర్తులు, వేరే స్క్వాడ్రన్‌వి. అందుకే 152 గుర్తైన యూ, ఎం అక్షరాలు మాస్కింగ్ టేప్ మీద గీసి బ్లేడుతోటి కోసి, మీడియం సీ గ్రే అనే బూడిద రంగు కొట్టిన.

అసలు పని మధ్యాహ్నం. ఈ స్పిట్‌ఫైర్‌కు రెక్కల్ల 8 బ్రౌనింగ్ తుపాకులు, ఎగిరే ముందు వాటి మూతుల మీద ఎర్ర గుడ్డ ముక్కలు అతికిస్తరు, పైన చలికి, తేమకు తుపాకులు బిగుసుకపోకుండ. కాలిస్తే గుడ్డ చిరుగుతది. ఖాళీ డెకాల్ ఫిల్మ్‌కు ఎర్ర రంగేసి, మిల్లీమీటరున్నర ముక్కలు కోసి, నీళ్లల్ల నానబెట్టి, తడి బ్రష్ మొనతోటి ఒక్కొక్కటి రెక్క అంచు మీదికి జరిపిన, ఫ్యాన్ బంద్ చేసి, చెమట దాని మీద పడకుండ మెడకు తువ్వాల చుట్టుకోని. అన్నీ నిండుగనే పెట్టిన, అంటే ఇది ఇంకా కాల్చని విమానం, మరి రెక్క కింద తుపాకి పొగ మసి వేయొద్దు. చానమంది ఎర్ర గుడ్డ నిండుగ పెట్టి మసి గూడ పూస్తరు, రెండు ఒక్కకాడ ఎట్లుంటయి? ప్యానెల్ లైన్లు (రేకుల అతుకుల గీతలు) గూడ అంతే, వాటిల్లకు నల్లటి వాష్, అంటే నీళ్ల లెక్క పల్చటి రంగు, దట్టంగ పోస్తే రెక్క టైల్స్ వేసిన గచ్చు లెక్క అయితది. పల్చగ గోధుమ రంగు చాలు.

అమ్మ రొట్టెలు చల్లారిపోతున్నయని మూడుసార్లు పిలిచింది.

తర్వాత 110 స్క్వాడ్రన్ డీహెచ్-9ఏ అనే బాంబర్ విమానం చేయాలె, 1918ది, అది గూడ హైదరాబాద్ స్క్వాడ్రనే. నిజాం ఇచ్చిండని ఒక్కో విమానం మీద రాసి ఉండేది, వాటిల ఎఫ్1010 ఇప్పటికీ లండన్ ఆర్ఏఎఫ్ (బ్రిటన్ వాయుసేన) మ్యూజియంల ఉన్నది. జంట రెక్కల నడుమ తీగలకోసం స్ప్రూ ముక్కలు (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కడ్డీలు) కొవ్వొత్తి మీద వేడి చేసి సాగదీసుడు ఇప్పటి నుంచే మొదలువెట్టిన. "గా రాత గూడ రాస్తవా దాని మీద?" అన్నడు నాయిన. రాస్త నాయినా, 1/72ల ఎంత చిన్నగొచ్చినా రాస్త అన్న.