విప్పే పానా వేరు, బిగించే పానా వేరు: చక్రం నట్లతో నా అనుభవం

కారుతో పాటు కంపెనీ ఇచ్చే ఎల్ పానా పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. జానెడు మీద ఒక వేలు, అంతే. పంక్చర్ షాపులో గాలి గన్నుతో బిగించిన నట్టు కదలడానికి 150 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం కొలత) కావాలనుకోండి, ఆ పానా చివర 60 కిలోల బరువు వేలాడాలి. అదే 60 సెంటీమీటర్ల రాడ్డయితే 25 కిలోలు చాలు, ఒక సిమెంటు బస్తాలో సగం. పానా మీద కాలుపెట్టి ఎక్కి తొక్కడం మన దగ్గర అందరూ చేసేదే. ఆ ఎల్ పానా నోరు లోతు తక్కువ, పక్కకి వంగుతుంది, నట్టు మూలలు తినేస్తుంది. మూలలు పోయిన నట్టుతో, ఆంధ్రా ఒడిశా సరిహద్దు దగ్గరి కొండదారి సుంకి ఘాటీలో బండి ఆగితే సాలూరు నుంచో పొట్టంగి నుంచో మనిషి రావాలి.

అందుకే నేను సామాను కొన్న వరుస ఇది: ముందు సాకెట్ (నట్టుకి తొడిగే గొట్టం ముక్క), తర్వాత దాన్ని తిప్పే రాడ్డు, ఆ తర్వాత టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా). చాలామంది తిరగేసి కొంటారు, ఖరీదైనది ముందు.

సాకెట్ సైజు ఊహించకండి. నట్టుకి ఎదురెదురుగా ఉన్న రెండు చదును ముఖాల మధ్య దూరమే సైజు. మారుతి, హోండా కార్లలో చాలావాటికి 19 మిల్లీమీటర్లు. హ్యుందాయ్, టయోటాలకు సాధారణంగా 21. ఫోక్స్‌వాగన్ పోలోకి నట్లు ఉండవు, 17 సైజు తల ఉన్న బోల్టులు నేరుగా హబ్‌లోకి, అంటే చక్రం బిగించే నడిమి దిమ్మలోకి, వెళ్తాయి. చక్రం ఎక్కించేటప్పుడు ఆనడానికి స్టడ్డు (హబ్ నుంచి పొడుచుకొచ్చే మర కడ్డీ) ఉండదు కాబట్టి ఆ కార్లవాళ్లకి పని ఇంకాస్త కష్టం. మీ కారు మోడల్‌కి ఏది సరిపోతుందో తొడిగి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

సాకెట్ ఆరు మూలలదే కావాలి. పన్నెండు మూలలది తొందరగా తొడుక్కుంటుంది గానీ నట్టుని అంచుల దగ్గరే పట్టుకుంటుంది, గట్టి నట్టు మీద జారుతుంది. లోతు సాకెట్ తీసుకోవాలి. పొట్టిదైతే స్టడ్డు చివర సాకెట్ అడుగుకి తగిలి, నట్టు పైసగమే పట్టుకుని ఆగిపోతుంది. నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్ దెబ్బ తట్టుకుంటుంది. తళతళలాడే క్రోమ్ సాకెట్‌ని గన్నుకి తగిలిస్తే పగిలి ముక్కలు ఎగరొచ్చు. అల్లాయ్ రిమ్ముల్లో నట్టు గుంట ఇరుకు, అందుకని పలచటి గోడతో పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి దొరుకుతాయి. వాటిలో సాధారణంగా నీలం 17, పసుపు 19, ఎరుపు 21. మూడూ ఒక డబ్బాలో వస్తాయి, ఇంట్లో రెండు కార్లున్నా సరిపోతుంది.

రాడ్డు అంటే సాకెట్ తగిలించే చదరం అర అంగుళంది, పొడవు 24 అంగుళాలు. 18 అంగుళాలది డిక్కీలో సులువుగా పడుతుంది, గన్ను బిగింపు మీద చాలదు. ప్లస్ పానా గురించి ఒక మాట. నాలుగు కొనలకీ 17, 19, 21, 23 ఉంటాయి, రెండు చేతులతో తిప్పితే బలం రెండు వైపులా సమంగా పడి నోరు జారదు, లూజైన నట్టుని గిరగిరా తిప్పేయొచ్చు. డబ్బు తక్కువైతే ఇదొక్కటి కొన్నా ఎల్ పానా కంటే నూరు రెట్లు నయం. కాకపోతే డిక్కీలో దొర్లుతూ ఘాటీ మలుపుల్లో చప్పుడు చేస్తుంది, పాత గోనెసంచిలో చుట్టి పెట్టుకోవాలి.

విప్పేటప్పుడు పానాకి ఇనుప పైపు తొడిగి పొడవు పెంచడం తప్పేం కాదు. బిగించేటప్పుడు పైపు తొడగడం తప్పే. అక్కడ కావలసింది బలం కాదు, కొలత.

కొలత ఎందుకంటే, చక్రాన్ని పట్టుకునేది స్టడ్డు అడ్డంగా నిలబడి కాదు. నట్టు బిగిస్తే స్టడ్డు రవ్వంత సాగుతుంది, సాగినది వెనక్కి లాగుతుంది, ఆ లాగుడుకి రిమ్ము హబ్‌కి అదుముకుంటుంది. ఆ ఒరిపిడే చక్రాన్ని కదలకుండా ఉంచుతుంది. తక్కువ బిగిస్తే రిమ్ము కదిలి నట్టు మెల్లగా తిరుగుతుంది. ఎక్కువ బిగిస్తే స్టడ్డు సాగి మళ్లీ మామూలు కాదు, మర పాడవుతుంది, ఒక్కో నట్టుకి ఒక్కో బిగింపు పడి బ్రేక్ డిస్క్ వంగి ఘాటీ దిగేటప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం ఒరిపిడికే పోతుంది, అదిమేది మిగతా పదే. అందుకే స్టడ్డుకి గ్రీజు, ఆయిల్ రాయకూడదు. ఒరిపిడి తగ్గి, అదే టార్క్‌కి స్టడ్డు ఎక్కువ సాగిపోతుంది.

టార్క్ రెంచ్ క్లిక్ రకం, అర అంగుళం చదరం, 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల మధ్యది సరిపోతుంది. మారుతిలో 85 నుంచి 100, టయోటా ఇన్నోవాకి 103, హోండాకి 108, పోలోకి 120. హ్యుందాయ్‌కి మోడల్‌ని బట్టి 88 నుంచి 127 దాకా మారుతుంది, మాన్యువల్ చూడాల్సిందే. రెంచ్ మీద రెండు స్కేళ్లుంటాయి, ఒకటి న్యూటన్ మీటర్లు, ఇంకొకటి ఫుట్ పౌండ్లు. 103ని పొరపాటున ఫుట్ పౌండ్ల వైపు పెడితే నట్టు మీద పడేది 140. అందరూ చేసే తప్పు ఇదే.

పిడి మధ్యలో పట్టుకుని మెల్లగా, ఆగకుండా లాగాలి. కుదుపితే లెక్క తప్పుతుంది. టక్‌మని చేతికి చిన్న దెబ్బ తగులుతుంది, రెంచ్ మెడ కాస్త వంగినట్టు అనిపిస్తుంది. అక్కడితో ఆపేయాలి. ఇంకోసారి టక్ అనిపిద్దామని లాగితే చెప్పిన దాని కంటే ఎక్కువ పడుతుంది. ఈ రెంచ్‌తో నట్టు విప్పకండి, స్ప్రింగు లెక్క చెడుతుంది. పని అయ్యాక స్కేలుని అన్నిటికంటే కింది అంకెకి దించి పెట్టెలో పెట్టాలి.

ఇక దారిలో పని. చదును చోటు దొరికే దాకా మెల్లగా నడపండి, పాడైన టైరు కంటే దొర్లిన బండి ఖరీదు ఎక్కువ. హ్యాండ్ బ్రేక్, ఒకటో గేరు, ఐమూలగా ఉన్న చక్రానికి రెండు వైపులా రాళ్లు. వానాకాలం మన ఎర్రమట్టి అంచుల్లో జాకీ దిగబడిపోతుంది. జానెడు వెడల్పున్న అంగుళం మందం గుగ్గిలం చెక్క ఒకటి డిక్కీలో ఉంటే చాలు. ఇన్నోవా, ఎర్టిగాలకి స్టెప్నీ కింద వేలాడుతుంది. వెనక కంతలోంచి రాడ్డు పెట్టి తిప్పి దించే పద్ధతి ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూడండి, దానికి వాడే పానా నట్లదానికి వేరు.

బండి ఎత్తకముందే, టైరు నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు లూజు చేయాలి. సాకెట్ పూర్తిగా తొడిగి, రాడ్డు ఎడమవైపు నేలకి సమాంతరంగా వచ్చేలా పెట్టి కిందకి నొక్కాలి. తుప్పు పట్టిన నట్టు ముందు కిర్రుమంటుంది, తర్వాత టప్‌మని వదులుతుంది. కిర్రు లేకుండా మెత్తగా సాగుతున్నట్టుంటే ఆపండి, తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్డు మెలిపడుతోంది. అప్పుడు విప్పడానికి మాత్రం ఆయిల్ పట్టించి పావుగంట ఆగాలి, మళ్లీ బిగించేముందు తుడిచేయాలి. పాత జీపుల్లో కొన్నిటికి ఎడమ చక్రాల మర తిరగేసి ఉంటుంది, స్టడ్డు చివర ఎల్ అక్షరం చూసుకోవాలి.

నట్లన్నీ తీసినా చక్రం ఊడకపోవడం గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి తిరిగే బండ్లలో మామూలే. హబ్ చుట్టూ తుప్పు పట్టి రిమ్ము అతుక్కుంటుంది. సుత్తి వద్దు. నట్లు వేళ్లతో తిప్పి ఒక చుట్టు లూజుగా ఉంచి, బండి దించి ముందుకీ వెనక్కీ అడుగు చొప్పున కదిపితే పట్టు వదులుతుంది. తర్వాత వైర్ బ్రష్‌తో హబ్ ముఖం, రిమ్ము వెనక శుభ్రం చేసి, నడిమి గుండ్రటి గుబ్బకి మాత్రం పలచగా గ్రీజు రాయాలి. నట్టు కూర్చునే చోటికి అంటనివ్వకండి.

నట్లు మార్చుకోవడంలో ఇంకో ప్రమాదం ఉంది. మామూలు నట్టు ముఖం 60 డిగ్రీల కోను. హోండా ఒరిజినల్‌ది గుండ్రం. టయోటా అల్లాయ్‌లలో చాలావాటిది చదును వాషర్. మర ఒకటే అయితే ఒక రకం రిమ్ముకి ఇంకో రకం నట్టు కూడా ఎక్కుతుంది, బిగుస్తుంది, టార్క్ రెంచ్ కూడా టక్ అంటుంది. కానీ ఆనింది సన్నటి అంచు మీద. కొన్ని వందల కిలోమీటర్లకి లూజవుతుంది. పాత రిమ్ములు అమ్మి అల్లాయ్ వేయించుకున్నవాళ్లు స్టెప్నీకి ఏ నట్లు సరిపోతాయో అప్పుడే అడగాలి, పాతవి పారేయకూడదు. దొంగలు విప్పకుండా వేసే లాక్ నట్లుంటే, వాటిని విప్పే తాళం మీ సాకెట్ దగ్గరే ఉండాలి. ఇంట్లో బీరువాలో ఉంటే ఏం లాభం?

ఎక్కించేటప్పుడు నట్లన్నీ వేళ్లతో నాలుగైదు చుట్లు. వేలితో తిరగకపోతే మర అడ్డంగా పట్టింది, వెనక్కి తీసి మళ్లీ మొదలు. టైరు గాల్లో ఉండగా చిన్నగా బిగించి, నేలకి ఆనాక రెంచ్. వరుసగా తిప్పకండి: నాలుగు నట్లయితే ఎదురెదురు, అయిదయితే ఒకటి వదిలి ఒకటి. మొదటి విడత సగం టార్క్, రెండో విడత పూర్తిగా. ఘాటీ దిగి వచ్చిన వెంటనే అయితే డిస్కు కాలుతూ ఉంటుంది. చల్లారేదాకా ఆగాలి, లేదంటే చల్లబడ్డాక బిగింపు మారిపోతుంది.

పంక్చర్ షాపులో గన్నుతో విప్పించుకోవడంలో తప్పు లేదు. బిగించేటప్పుడు మాత్రం "గన్ను పెట్టొద్దు తమ్ముడూ, చేత్తో ఆనించి వదిలెయ్యి, మిగతాది నేను చూసుకుంటా" అని ముందే చెప్పాలి. టార్క్ రెంచ్ చూపించినా "ఇది చాలదు సార్" అని ఇంకో దెబ్బ వేసేవాళ్లున్నారు, పక్కనే నిలబడండి.

జయపురంలో చక్రం మార్చారనుకుంటే కోరాపుట్ వెళ్లి వచ్చేసరికి 45 కిలోమీటర్ల దాకా అవుతుంది. అప్పుడు అదే అంకె పెట్టి మళ్లీ లాగాలి. కదలకుండా టక్ అంటే సరిగ్గా కూర్చుంది. ఒక రవ్వ తిరిగి టక్ అంటే పరవాలేదు, మరో 50 కిలోమీటర్లకి ఇంకోసారి చూడండి. పావు చుట్టు తిరిగితే మాత్రం ఊరికే బిగించి వదలకండి. చక్రం ఊడదీయండి, రిమ్ముకీ హబ్‌కీ మధ్య తుప్పు పొలుసో, పెయింటు పెచ్చో, ఎర్రమట్టో నలిగి ఉంటుంది.