మా పాపని ఆయన చూశాడు

ఏడో నెలలో మా పాప కడుపులోనే వెళ్లిపోయింది. ఇంటికొచ్చినవాళ్లు "దేవుడి చిత్తం అమ్మా, ఇంకొకర్ని ఇస్తాడులే" అన్నారు, ప్రేమతోనే అన్నారు, కానీ నాకు ఇంకొకరు కాదు తనే కావాలి. బైబిల్ చూస్తేనే కోపం వచ్చేది. అప్పుడు మా అత్తమ్మ 88వ కీర్తన చదివి వినిపించింది, అది మొదట్నుంచి చివరిదాకా ఏడుపే, ఆఖరి మాట కూడా చీకటే, అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు కదా! చర్చిలో చప్పట్లు కొట్టలేకపోయినా దేవుడు ఏమీ అనుకోడని అప్పుడే నమ్మకం కలిగింది.

139వ కీర్తన దగ్గరికి మెల్లగా వచ్చాను. "నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను" అన్న చోట ఇద్దరం గట్టిగా ఏడ్చేశాం, స్కానింగ్‌లో తప్ప మేం సరిగ్గా చూసుకోని మా బిడ్డని ఆయన రోజూ చూశాడు, పేరు పెట్టకపోయినా, బారసాల చేయకపోయినా తను నిజంగా ఉంది.

బైబిల్లో దావీదు రాజు కూడా తన బిడ్డ బతకాలని ఉపవాసముండి నేలమీద పడుకుని ఏడ్చాడు, పోయాక "నేను వానియొద్దకు పోవుదును" అన్నాడు (2 సమూయేలు 12). నాకు ఇప్పుడు ఆ మాటే ఆధారం.

మీకూ ఇలా జరిగుంటే 139తో మొదలుపెట్టకండి, ముందు 88 చదవండి, గట్టిగా బయటికి చదవండి.