మెట్రోకు ముందున్న శ్రీధరన్

ఈ రోజు మా రైల్వే సెక్షన్‌లో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. ఉదయం పట్టాలు చూసుకునే కీమ్యాన్ తన బీటు నడిచి వచ్చి, మలుపు దగ్గర పట్టాలను కలిపే ఒక ఫిష్‌ప్లేటు బోల్టు వదులైతే బిగించానని చెప్పాడు. మధ్యాహ్నం బ్లాక్, అంటే బండ్లు ఆపి పనికిచ్చే సమయం, దొరికింది. గ్యాంగ్ వాళ్లు స్లీపర్ల కింద కంకర ఎక్కించారు, రెండు పట్టాల మధ్య దూరం, అదే గేజీ, సరిచూశాను, గడువులోపే లైను అప్పగించాం. తగ్గించిన వేగంతో వచ్చిన మొదటి బండి ఆ చోటు దాటేదాకా గట్టు మీద వంగి నిలబడి, చక్రం మీదికి వచ్చినప్పుడల్లా పట్టా ఎంత దిగుతోందో, తిరిగి ఎలా లేస్తోందో చూశాను. ఎన్నేళ్లు చేసినా ఆ కాసేపు ఊపిరి బిగబట్టే ఉంటాం.

సాయంత్రం రిజిస్టర్లు రాస్తుండగా, కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరు "ఇక్కడెంత చేసినా ఎవరికీ తెలియదు సార్, శ్రీధరన్ గారిలా మెట్రోలోకి వెళ్తేనే పేరు" అన్నాడు. సిగ్నళ్ల ఇంటర్లాకింగ్ పని గురించి ఫోను రావడంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది గానీ, ఇంటికి వచ్చాక కూడా అది నన్ను వదల్లేదు. ఎలాట్టువళపిల్ శ్రీధరన్ గారిని దేశమంతా 'మెట్రో మ్యాన్' అంటుంది. ఆ బిరుదు ఆయనకు తగినదే, కానీ అది ఆయన జీవితంలోని పెద్ద భాగాన్ని కప్పేస్తోందని నా అభిప్రాయం. ఆయన ఢిల్లీ మెట్రో బాధ్యత తీసుకున్నది 1997లో, అరవై అయిదేళ్ల వయసులో. అంతకు ఏడేళ్ల ముందే, 1990లో, రైల్వే బోర్డు ఇంజనీరింగ్ సభ్యుడిగా ఆయన పదవీ విరమణ చేశారు. ఢిల్లీలో మనం చూసిన క్రమశిక్షణ అప్పటికప్పుడు పుట్టింది కాదు, అది ముప్ఫై ఆరేళ్ల రైల్వే కొలువులో తయారైనది.

ఢిల్లీ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. 2002 డిసెంబరులో షాహదరా నుంచి తీస్ హజారీ దాకా మొదటి బండి నడిచింది. పని పూర్తి కావడానికి ఇంకెన్ని రోజులున్నాయో వెనక్కి లెక్కపెట్టే గడియారాలను ఆయన కార్యాలయాల్లో పెట్టించారు. నాకు వాటికంటే ముఖ్యంగా తోచేది 2009 జులై సంగతి. దక్షిణ ఢిల్లీలోని జమ్రూద్‌పూర్‌లో కడుతున్న వంతెన భాగం కూలి, పనిచేస్తున్న వారు చనిపోయారు. ఆ రోజే ఆయన నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా ఇచ్చారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ దాన్ని అంగీకరించకపోవడంతో కొనసాగారు. పట్టాల మీద పనిచేసేవాడికి ఆ రాజీనామా అర్థమవుతుంది. లైను ఫిట్ అని సంతకం పెట్టినవాడు, తర్వాత జరిగేదానికి తాను బాధ్యుడిని కానని ఎలా అనగలడు?

ఢిల్లీకి ముందు ఆయన నడిపించింది కొంకణ్ రైల్వే. రోహా నుంచి మంగళూరు దగ్గరి తోకూరు దాకా, సహ్యాద్రి కొండలకూ సముద్రానికీ మధ్య దాదాపు 740 కిలోమీటర్లు. సొరంగాలు తొంభైకి పైగా ఉన్నాయి, వాటిలో కర్బుడే సొరంగం ఒక్కటే ఆరున్నర కిలోమీటర్లు. కేంద్రం 51 శాతం, మహారాష్ట్ర 22, కర్ణాటక 15, గోవా, కేరళ చెరో 6 శాతం వాటాలతో ఏర్పడిన సంస్థ, మిగిలిన సొమ్మును ఎక్కువగా బాండ్ల ద్వారా అప్పు తెచ్చుకుని ఈ లైను వేసింది. గట్టి రాయి ఉన్నచోట పని సాగిపోయింది. గోవాలోని పెర్నెం వంటి చోట్ల మెత్తని, నీరు పట్టిన మట్టి పదే పదే కూలి ఎంతగానో విసిగించింది. 1998 జనవరి 26న లైను మొత్తంగా తెరుచుకుంది. అప్పు తెచ్చి వేసే లైనులో జాగుకు వడ్డీ కట్టాలి. అందుకే నిర్ణయాలు కాగితాల మీద నలగకుండా, పని జరుగుతున్న చోటే తేలిపోవాలని ఆయన అంతగా పట్టుబట్టారని నేను అనుకుంటాను.

ఇంకా వెనక్కి వెళితే కొచ్చిన్ షిప్‌యార్డు, 1970లో కలకత్తా మెట్రో ప్రణాళిక, వాటన్నిటికీ ముందు పాంబన్ సముద్ర వంతెన. ఆ కుర్రవాడికి చెప్పాల్సింది నిజానికి పాంబన్ కథే. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను ధనుష్కోడిని తుడిచిపెట్టింది, ఒక ప్యాసింజరు బండి ప్రయాణికులతో సహా నీటిపాలైంది. రామేశ్వరానికి వెళ్లే ఆ వంతెనలో స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే 146 స్పాన్‌లలో 126 కొట్టుకుపోయాయి. పడవలకు దారి ఇవ్వడానికి పైకి లేచే షెర్జర్ స్పాన్ మాత్రం నిలిచింది. బాగుచేయడానికి రైల్వే ఆరు నెలలు గడువు పెడితే, పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. పని అప్పగించింది ముప్ఫై రెండేళ్ల శ్రీధరన్‌కు. స్తంభాల మీద ఆనే కొత్త ఇనుప దూలాలు, అంటే గర్డర్లు, తయారై రావాలంటేనే నెలలు పడుతుంది. కొట్టుకుపోయిన గర్డర్లు సముద్రం అడుగున పడి ఉన్నాయని జాలర్ల ద్వారా తెలిశాక, వాటినే పైకి తీసి మళ్లీ స్తంభాల మీద కూర్చోబెట్టే పని మొదలుపెట్టారు.

నలభై అడుగుల గర్డరును గాలీ అలలూ తగ్గని చోట సముద్రంలోంచి ఎత్తి, స్తంభం మీది బేరింగుపై సరిగ్గా దించి, పక్కదానితో వరుస కలిపి, పైన పట్టా వేయాలి. వంతెన 46 రోజుల్లో నిలబడింది. అంటే రోజుకు సగటున మూడు స్పాన్‌లకు కాస్త తక్కువ. పగలంతా బ్లాక్ ఇచ్చినా నేల మీద ఒక్క గర్డరు మార్చడానికి మేము పడే పాట్లు తెలిసినవాడిగా, ఈ లెక్క వేసుకున్న ప్రతిసారీ నాకు గౌరవం పెరుగుతుంది. దానికి ఆయనకు రైల్వే మంత్రి పురస్కారం వచ్చింది. ఆ వంతెన మీద 2022 డిసెంబరు దాకా బండ్లు నడిచాయి, 2025 ఏప్రిల్‌లో పక్కనే కొత్తది తెరిచారు.

ఆయన ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడలోనే, నేటి జేఎన్‌టీయూ ప్రాంగణంలో. 1954 డిసెంబరులో దక్షిణ రైల్వేలో ప్రొబేషనరీ ఇంజనీరుగా చేరిన నాటి నుంచి పాంబన్ దాకా గడిచిన పదేళ్లలో ఏముందని అడిగితే, చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో అసలు చదువు ఆ పదేళ్లే. ఏ పని ఎవరి చేతిలో పెట్టాలో, గ్యాంగ్ వాళ్ల మాట ఎప్పుడు వినాలో అప్పుడే వంటబట్టి ఉంటుంది. లేకపోతే జాలర్ల మాట ఆధారంగా 46 రోజుల్లో వంతెన నిలిపే ధైర్యం వచ్చేది కాదు. రేపు పొద్దున్న ట్రాలీ మీద వెళ్లేటప్పుడు ఆ కుర్రవాణ్ణి నా పక్కనే కూర్చోబెట్టుకుని, పాంబన్ సంగతి మొదటి నుంచి చెబుతాను.